ఎవరూ చూడలేదుగా!

కనుమ నాటి మధ్యాహ్నం. గుడివాడకు ఆవల మా అమ్మమ్మగారి ఊళ్ళో భోజనాలయ్యాక వసారాలో మంచాల మీదా మడతకుర్చీల్లోనూ అందరం వాలిపోయాం. పండక్కి అమెరికా నుంచి వచ్చిన మా పిన్ని మనవరాలు, పదకొండేళ్ళ పిల్ల, తన గోల్ఫ్ కబుర్లు చెబుతోంది. వాళ్ళ ఊళ్ళో ఒక స్వచ్ఛంద సంస్థ శనివారాల్లో పిల్లలకు ఆ ఆట నేర్పుతుందట. కిందటి నెల పోటీలో బంతి పక్కనున్న ఎండుటాకు తీయబోతే బంతి కాస్త కదిలింది. ఎవరూ చూడలేదు. తనతో ఆడుతున్న అమ్మాయికి తనే చెప్పి, కార్డు మీద ఒక స్ట్రోకు అదనంగా వేసుకుంది. తక్కువ స్ట్రోకులవాళ్ళే గెలిచే ఆ ఆటలో, ఆ ఒక్కదానితో కప్పు పోయింది.

"ఎవరూ చూడలేదుగా, మరెందుకు చెప్పావే అమ్మలూ?" అన్నాడు మా మావయ్య.

వసారా అంతా గొల్లుమంది. పిల్ల మాత్రం నవ్వలేదు. ప్రశ్నే అర్థం కానట్టు ఆయన మొహంలోకి చూసింది.

నాకు పేచీ ఆ నవ్వుతోనే. ఆ తర్వాత గంటసేపు వసారాలో నడిచిన చర్చ ఆ నవ్వుకు వ్యాఖ్యానమే. అక్కడ తేలిన తీర్పులు మూడు. ఒకటి: ఆటలు కూడు పెడతాయా? పెడితే గిడితే పతకం వచ్చినవాడికి, స్పోర్ట్స్ కోటాలో సీటు దొరికినవాడికి. రెండు: బతకడం నేర్పడానికి ఆటే కావాలా? దానికి బళ్ళో పీరియడ్ ఉంది, లేదంటే వయసొస్తే అదే వస్తుంది. మూడు: అందులోనూ గోల్ఫా? కలిగినవాళ్ళ ఆట, మన పిల్లలకెందుకు? ఈ మూడు మాటలూ ఆ వసారావే కావు. విజయవాడ బెంజి సర్కిల్ చుట్టూ ఏ అపార్ట్‌మెంట్ మెట్లెక్కినా ఇవే వినిపిస్తాయి.

అన్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. మా మావయ్య కాలవ నీళ్ళ మీద రెండు పంటలు పండించి, పిల్లల చదువుకు ఎకరం అమ్మి, ఒకణ్ణి హైదరాబాదుకూ ఒకణ్ణి అమెరికాకూ పంపిన మనిషి. బెజవాడ దగ్గర 1855 నాటికి ఆనకట్ట కట్టాక డెల్టాకు నీళ్ళొచ్చాయి. నీళ్ళతో వరి, వరితో రూపాయి, రూపాయితో చదువు, చదువుతో విమానం టికెట్టు. ఈ మెట్లెక్కిన కుటుంబాలు చదువును నమ్మడంలో తప్పేమీ లేదు. పేదింటికి చదువు తప్ప వేరే నిచ్చెన దొరకలేదన్నదీ నిజమే. కానీ వసారాలో ఆ తీర్పులు వెలువడుతున్నప్పుడే ఊరి చివర తోటలోంచి మైకు వినిపిస్తోంది. చట్టం కాదన్నా ఏటా పడే కోడిపందేల బరి అది. ఆటలు కూడు పెట్టవని తీర్పు చెప్పినవాళ్ళలో ఇద్దరు ఆ పొద్దున అక్కడ ఎంత పోగొట్టుకున్నారో వాళ్ళ భార్యలకు తెలుసు. ఆన్‌లైన్ రమ్మీకి కొంపలు మునుగుతుంటే 2020లో రాష్ట్రం చట్టం సవరించి దాన్ని నిషేధించాల్సి వచ్చింది. ఆట అంటే మనకు పడదని ఎవరన్నారు? పందెం కాయడానికి ఆట కావాలి, పిల్లవాడు ఆడతానంటేనే అది దండగ.

ఇక మొదటి మాట, కూడు సంగతి.

2024 ఆగస్టు ఆఖరున అట్లాంటాలో ఈస్ట్ లేక్ మైదానం మీద గోల్ఫ్ టూర్ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. ఆడుతున్నవాళ్ళలో సాహిత్ తీగల ఒకడు. హైదరాబాదు నుంచి వెళ్ళి కాలిఫోర్నియాలో స్థిరపడ్డ తెలుగు దంపతుల కొడుకు. మూడో రోజు మూడో హోల్ దగ్గర అతని బంతి ఇసుకగుంటలో పడింది. కొట్టబోతూ కర్రను వెనక్కి లేపినప్పుడు కొన్ని ఇసుక రేణువులు కదిలాయని అతనికి అనిపించింది. అలా ఇసుకను తాకితే రెండు స్ట్రోకుల శిక్ష. ఎవరూ వేలెత్తి చూపలేదు. అతనే అధికారికి చెప్పి, శిక్ష వేయించుకుని, ఆట కొనసాగించాడు. పోటీ ముగిసేసరికి మూడో స్థానం దక్కింది. రెండో స్థానంలో నిలిచిన కాలిన్ మోరికావాకూ అతనికీ మధ్య తేడా సరిగ్గా రెండు స్ట్రోకులు.

ఆ పోటీలో రెండో స్థానానికి కోటీ పాతిక లక్షల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షలు. మిగతా ఆటంతా అలాగే సాగి, ఆ రెండు స్ట్రోకులు పడకపోయి ఉంటే ఇద్దరూ రెండో స్థానాన్ని పంచుకునేవారు. తీగల వాటాకు ఇంకో 25 లక్షల డాలర్లు వచ్చేవి. మన లెక్కలో ఇరవై కోట్ల రూపాయల పైమాటే. నాలుగు ఇసుక రేణువుల ఖరీదు అది.

వసారా లెక్కన అతనొక పిచ్చివాడు. నా లెక్కన అతనికి ఆట నేర్పినవాళ్ళ పని ఆ ఒక్క క్షణంలో పూర్తయింది. అతని సంపాదన చూపించి 'చూశారా, ఆట కూడు పెట్టింది' అని నేననను. లక్షమంది ఆడితే ఒకడు తీగల అవుతాడు. మిగిలిన తొంభైతొమ్మిది వేల తొమ్మిది వందల తొంభైతొమ్మిది మందికీ కప్పు రాదు, సీటు రాదు, పేపర్లో ఫొటో పడదు. నేను మాట్లాడేది వాళ్ళ గురించే. పతకంతో ఆటను కొలిచేవాళ్ళు ఇంతమందినీ ఒక్క మాటతో చెత్తబుట్టలో వేస్తున్నారు.

విజయవాడ అనగానే పతకాల జాబితా చదవడం మనకు అలవాటు. నేనూ అదే చదివితే నా వాదాన్ని నేనే ఓడించుకున్నట్టు. అందుకే ఓటముల జాబితా చదువుతాను. ఈ ఊరి విలుకాడు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్ వ్యక్తిగత పోటీలో కెనడా ఆటగాడితో సమానంగా నిలిచి షూటాఫ్‌లో ఓడాడు. ఇద్దరి బాణాలూ పదిలోనే దిగాయి. అవతలివాడిది నడిమధ్యకు కాస్త దగ్గరగా దిగింది, అంతే. అంకితా భకత్‌తో కలిసి ఆడిన మిక్స్‌డ్ పోటీలో నాలుగో స్థానం, అంటే పతకానికి ఒక మెట్టు దిగువ. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ చెస్ పోటీని మొదటి రౌండు ఓటమితో మొదలుపెట్టింది. పదకొండు రౌండ్లయ్యేసరికి 8.5 పాయింట్లతో విజేతగా నిలిచింది. ఏడాది తిరగకముందే, 2025 జులైలో బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో తన వయసులో సగమున్న దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది. వెన్నం జ్యోతి సురేఖ ఎంచుకున్న కాంపౌండ్ విలువిద్యకు ఒలింపిక్స్‌లో చోటే లేదు. 2028లో లాస్ ఏంజెలెస్‌లో, అదీ మిక్స్‌డ్ జట్టు పోటీగా, మొదటిసారి రాబోతోంది. ఇన్నేళ్ళూ ఒలింపిక్ పతకం ఆశ కూడా లేని విల్లును ఆమె రోజూ ఎక్కుపెట్టింది. ఓటమిని ఇంటికి తీసుకెళ్ళి, అన్నం తిని, పడుకుని, మళ్ళీ రావడం ఎలాగో వీళ్ళకు తెలుసు. వీళ్ళ విద్యల్లో అన్నిటికంటే అరుదైనది ఇదే.

మన ఇంట్లో పిల్లవాడికి మొదటి ఓటమి ఎప్పుడు తగులుతుంది? పదిహేడో ఏట. అప్పటిదాకా ఆడలేదు కనుక ఓడలేదు. ఓడలేదు కనుక ఓడినా మర్నాడు తెల్లారుతుందన్న సంగతి వాడికి తెలియదు. ఈఏపీసెట్ ర్యాంకో, జేఈఈ పర్సంటైలో ఒకరోజు మధ్యాహ్నం సెల్‌ఫోన్ తెర మీద తేలుతుంది. ఆ ఒక్క అంకె వాడి బతుకంత సైజులో కనిపిస్తుంది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల నివేదిక చెప్పింది. ఆడుకుని ఉంటే వీళ్ళంతా బతికేవారని నేననను. ఒక్కో చావు వెనక ఒక్కో కథ ఉంటుంది, అన్నిటికీ ఒకే మందు అమ్మేవాణ్ణి నమ్మకూడదు. నేను అడిగేది చిన్న ప్రశ్న. పదేళ్ళప్పుడు పది పైసలకు నేర్చుకోగల పాఠాన్ని పదిహేడేళ్ళ దాకా వాయిదా వేసి, అంత ఖరీదుకు ఎందుకు కొనిపిస్తున్నాం? 'ముందు సీటు రానీ, తర్వాత జీవితమంతా ఆడుకోవచ్చు' అనేవాళ్ళు ఒకటి మరిచిపోతున్నారు. పాలపళ్ళు ఊడే వయసుంటుంది. ఊడినా నొప్పి తెలియదు. ఆ వయసు దాటాక పన్ను ఊడితే మళ్ళీ మొలవదు.

ఇక రెండో మాట. జీవన నైపుణ్యాలకు పీరియడ్ ఉంది కదా!

ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లోనే పది నైపుణ్యాలు లెక్కపెట్టి చూపింది. తన్ను తాను తెలుసుకోవడం, ఎదుటివాడి బాధ ఎరగడం, నిర్ణయం తీసుకోవడం, సమస్యను విప్పుకోవడం, కోపతాపాలనూ ఒత్తిడినీ తట్టుకోవడం వగైరా. జాబితాలో వంక పెట్టడానికేమీ లేదు. మన టైంటేబుల్లో అది ఆటలో అరటిపండు. సిలబస్ పూర్తికాని లెక్కల మాస్టారు ముందు మింగేది ఆ పీరియడ్‌నే. మింగకపోయినా ఏం జరుగుతుందో నేను కళ్ళారా చూశాను. మా పక్కింటి అబ్బాయికి బళ్ళో 'నిజాయితీ' మీద ప్రాజెక్టు ఇచ్చారు. వాళ్ళ నాన్న జిరాక్సు షాపులో రెడీమేడ్‌ది కొని, అట్ట వేయించి పంపాడు. అబ్బాయికి పదికి పది వచ్చాయి.

నల్లబల్ల మీద ఈత నేర్పలేం. విజయవాడ నడుమ నుంచే బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ పారుతున్నాయి. పూర్వం ఆ గట్ల మీద పుట్టిన ప్రతి పిల్లవాడూ నీళ్ళు మింగీ మింగీ ఈదేవాడు. ఇప్పుడు ఆ కాలవల పొడవెంతో పరీక్షలో రాయగలడు, అందులో పడితే పైకి రాలేడు. నిజాయితీ కూడా ఈతలాంటిదే. నీళ్ళలోకి దిగాలి. అంటే అబద్ధం ఆడితే లాభం వచ్చే చోట నిలబడాలి. ఆటలో అలాంటి చోటు నిమిషానికొకటి ఎదురవుతుంది. తరగతి గదిలో లాభమంతా నిజాయితీ గురించి రాయడంలోనే ఉంది, పాటించే అవకాశం ఎక్కడొస్తుంది?

దీనికి మనకు తెల్లవాళ్ళు చెప్పాల్సిన పాఠమేమీ లేదు. మన పిల్లల భాషలోనే ఒక మాట ఉంది: తొండి. ఏ బడీ ఆ మాట నేర్పలేదు, ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. అయినా ఏడేళ్ళ పిల్లకు దాని అర్థం సుప్రీంకోర్టు జడ్జికి తెలిసినంత కచ్చితంగా తెలుసు. కర్రాబిళ్ళలో బిళ్ళ ఎంత దూరం పడిందో కర్రతో కొలిచేవాడు కొట్టినవాడే. రెండు కొలతలు ఎక్కువ చెబితే అవతలి జట్టు 'తొండి' అంటుంది. తేలకపోతే ఆట ఆగిపోతుంది, ఆట ఆగితే అందరికీ నష్టం, కనుక తేల్చుకునేవారు. తొక్కుడుబిళ్ళలో పాదం గీత మీద పడిందో లేదో ముందు తెలిసేది గెంతే పిల్లకే. పంటలు వేసుకోవడం, జట్లు సమంగా పంచుకోవడం, కటీఫ్ చెప్పినవాడితో సాయంత్రానికి రాజీపడటం, చిన్నవాణ్ణి తరిమెయ్యకుండా అరటిపండుగా కలుపుకోవడం, అన్నీ అంపైర్ లేకుండానే జరిగాయి. పైన చెప్పిన పది నైపుణ్యాల్లో ఈ గంటలో రానిది ఏదో నాకు చూపించండి.

ఇప్పుడా గంట పోయింది. ఖాళీ స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. జూనియర్ కాలేజీలు చాలావరకు నాలుగైదు అంతస్తుల భవనాల్లో నడుస్తున్నాయి, వాటి మైదానమల్లా బస్సులు తిరిగే జాగా. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. అది ఎంతమేరకు అమలైందో మీ వీధి చివరి బడి గేటు దగ్గర నిలబడితే చాలు, తెలుస్తుంది. డబ్బున్న పిల్లలకు కోచింగ్ అకాడమీలు వచ్చాయి. అక్కడ జట్లు కోచ్ వేస్తాడు, అవుట్ అంపైర్ ఇస్తాడు, గొడవ వస్తే కంచె అవతల కుర్చీలో కూర్చున్న తండ్రి అరుస్తాడు. పిల్లవాడు తేల్చుకోవడానికి ఏమీ మిగలదు.

పాత రోజులన్నీ బంగారమని నేను మురిసిపోవడం లేదు. ఆ బంగారం అందరికీ అందలేదు. మా ఊళ్ళో ఏ వాడ పిల్లలు ఆ వాడలోనే ఆడేవారు, పేట పిల్లలతో ఆడితే ఇంట్లో దెబ్బలు పడేవి. ఆడపిల్ల ఓణీ వేసిన రోజుతో ఆమె తొక్కుడుబిళ్ళ ఆగిపోయేది. అంటే వీధి ఆట తనంతట తాను అన్నీ నేర్పలేదు, కొన్ని అడ్డుగోడలను అలాగే ఉంచింది. అందుకే అందరినీ ఒకచోట చేర్చి, ఫీజు అడగకుండా, పట్టుబట్టి నడిపే సంస్థలు కావాలంటున్నాను.

ఇక మూడో మాట. అన్నిటికంటే బలమైనదీ అదే: గోల్ఫ్ కలిగినవాళ్ళ ఆట.

నిజమే, అంతకంటే ఘోరం కూడా. అమెరికాలో గోల్ఫ్ వృత్తి ఆటగాళ్ళ సంఘం నియమావళిలో 1961 దాకా తెల్లవాళ్ళకు మాత్రమే సభ్యత్వమన్న నిబంధన ఉండేది. మాస్టర్స్ పోటీ జరిగే అగస్టా నేషనల్ క్లబ్బు తొలి నల్లజాతి సభ్యుణ్ణి చేర్చుకున్నది 1990లో, తొలి మహిళా సభ్యుల్ని చేర్చుకున్నది 2012లో. మన దేశంలో ఈ ఆట కంటోన్మెంట్ల గడ్డి మీద, దొరల క్లబ్బుల్లో పుట్టి, ఆఫీసర్ల క్లబ్బుల్లో పెరిగింది. ఇక్కడ నా ప్రత్యర్థి అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటుంది, అతని బదులు నేనే అడుగుతాను. ఎవరూ చూడకపోయినా తమ మీద తామే స్ట్రోకు వేసుకునే పెద్దమనుషులు, గేటు దగ్గర సాటి మనిషిని ఒంటి రంగు చూసి ఎలా ఆపారు? ఆట గుణాన్ని నేర్పితే ఆ గుణం క్లబ్బు గోడ దాకా వచ్చి ఎందుకు ఆగిపోయింది? పెద్దమనుషుల ఆటగా పేరుపడ్డ క్రికెట్‌లో 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ ఎలా బయటపడింది?

జవాబు దాచను. ఆట తనంతట తాను ఎవర్నీ మంచివాళ్ళను చేయదు. కత్తిపీట కూర తరుగుతుంది, వేలూ తెగ్గోస్తుంది. నేర్పేవాడు ఏం నేర్పుతున్నాడన్నదే ముఖ్యం. పిల్లకు ఆట నేర్పుతూ, ఇక్కడ ఒప్పుకున్నట్టే బళ్ళోనూ ఇంట్లోనూ ఒప్పుకోవాలని కలిపి చెప్పేవాడు లేకపోతే ఆ అలవాటు గడ్డి దాటదు. 1997లో అమెరికాలో మొదలైన ఫస్ట్ టీ ఉద్యమం చేసింది ఈ కలిపి చెప్పే పనే. టైగర్ వుడ్స్ తొలిసారి మాస్టర్స్ గెలిచిన ఏడాది అది. ప్రధాన గోల్ఫ్ సంఘాలు కలిసి, అప్పటిదాకా గేటు బయట ఉన్న పిల్లల కోసం దాన్ని పెట్టాయి. తప్పు చేసిన ఆటే ప్రాయశ్చిత్తానికి పూనుకుందనుకోండి. నిజాయితీ, చిత్తశుద్ధి, క్రీడాస్ఫూర్తి, గౌరవం, ఆత్మవిశ్వాసం, బాధ్యత, పట్టుదల, మర్యాద, విచక్షణ అని తొమ్మిది విలువలు పెట్టుకున్నారు. కొత్త పిల్ల వచ్చిన రోజు కర్ర పట్టడం కంటే ముందు నేర్పేది, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి చెయ్యి కలిపి పేరు చెప్పడం. గడ్డి మైదానం లేని చోట బడి హాల్లోనే, పిల్లలకు సరిపోయే తేలికపాటి సామగ్రితో నేర్పుతారు.

అయినా అది అమెరికా మాట అంటారు. అనంతపురం అమెరికాలో లేదు కదా. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఆ కరువు జిల్లాలో బళ్ళూ ఆస్పత్రులూ కట్టింది, ఆటలూ నేర్పింది. 2010లో రఫెల్ నాదల్ ఫౌండేషన్‌తో కలిసి అక్కడ ఒక టెన్నిస్ బడి తెరిచింది. నాదల్ స్వయంగా వచ్చి ప్రారంభించాడు. టెన్నిస్ కూడా కలిగినవాళ్ళ ఆటే, తెల్లచొక్కాల ఆటే. ఆ బడిలో పల్లెల పేద పిల్లలు రాకెట్ పట్టారు, దాంతోపాటు ఇంగ్లీషూ కంప్యూటరూ నేర్చుకున్నారు. అనంతపురానికి టెన్నిస్ ఎందుకని అక్కడి తల్లులు అడిగితే అర్థం ఉంది, ఆ నేలకు నీళ్ళే లేవు. మూడు కాలవల మధ్య కూర్చుని మనం అడగడం ఏం న్యాయం?

'కలిగినవాళ్ళ ఆట' అన్న మాట పేదవాడి పక్షాన అన్నట్టు వినిపిస్తుంది. తీరా దాని ఫలితం చూస్తే కలిగినవాడి గోడ మీద ఇంకో వరస ఇటుకలు పేర్చడమే. ఒకప్పుడు ఇంగ్లీషూ కలిగినవాళ్ళ భాషే, డాక్టరీ కలిగినవాళ్ళ చదువే. అప్పుడు మా మావయ్య తరం 'మనకెందుకులే' అనుకోలేదు, ఎకరం అమ్మింది.

ఇందులోనూ రెండు ప్రమాదాలున్నాయని ఒప్పుకుంటాను. ఒకటి భూమి. పద్దెనిమిది హోళ్ళ గోల్ఫ్ మైదానానికి వంద ఎకరాల పైచిలుకు కావాలి. మాగాణిని గడ్డికి అప్పగించి, కాలవ నీళ్ళు దానికి పోయమంటే మొదట అడ్డం పడేది నేనే. డెల్టాకు గోల్ఫ్ మైదానం అక్కర్లేదు. ఆ ఆటలోని నియమం ఒక్కటి చాలు: నీ లెక్క నువ్వే రాసుకో, నీ తప్పు నువ్వే చెప్పు. రెండోది దాత మోజు. హరియాణాలో పానిపట్ జిల్లా ఇస్రానా గ్రామంలో ఒక ప్రవాస భారతీయుడు గోల్ఫ్ అకాడమీ తెరిచాడు. అది ఎక్కువ కాలం నిలవలేదు. పాలు అమ్ముకునేవాడి కొడుకు శుభం జగ్లాన్ ఆ తర్వాత పొలంలోనే గుంటలు చేసుకుని ఆడాడు. ఢిల్లీలో మాజీ ఆటగాడు అమిత్ లూథ్రా నడిపే గోల్ఫ్ ఫౌండేషన్ చెయ్యి పట్టుకుంది కనుక ఆ పిల్లవాడు 2015లో అమెరికాలో జూనియర్ టైటిళ్ళు గెలిచాడు. చెయ్యి అందని మిగతా పిల్లల మాటేమిటి? రిబ్బను కత్తిరించి వెళ్ళిపోయే దాతృత్వం పిల్లలకు ఒకటే నేర్పుతుంది, పెద్దవాళ్ళు తొండి చేస్తారని.

కాబట్టి నేనడిగేది పెద్ద పథకం కాదు. విజయవాడ చుట్టుపక్కల, డెల్టా ఊళ్ళలో, సర్కారు బడి ఆవరణలు సాయంత్రం అయిదు తర్వాత తాళం వేసి ఉంటాయి. ఆ తాళాలు తీయండి. వారానికి మూడు సాయంత్రాలు, ఫీజు లేకుండా, అన్ని పేటల పిల్లల్నీ, ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ, కలిపి ఆడించండి. విలువిద్య కావచ్చు, కబడ్డీ కావచ్చు, చెస్ కావచ్చు, టెన్నిస్ బంతీ ప్లాస్టిక్ కర్రలతో గోల్ఫే కావచ్చు. ఒక్క షరతు: అంపైర్ ఉండకూడదు. స్కోరు పిల్లలే రాయాలి. పక్కన ఉండే పెద్దమనిషి విజిల్ ఊదడు. ఆట అయ్యాక గుండ్రంగా కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడుగుతాడు: ఇవాళ ఎవరికి కోపమొచ్చింది? ఎవరు తమ తప్పు తామే చెప్పారు? చెప్పినవాళ్ళకు బహుమతులొద్దు. బహుమతి పెట్టిన మర్నాడే చెయ్యని తప్పులు కూడా చెప్పేవాళ్ళు బయల్దేరతారు, మన పిల్లల తెలివి నాకు తెలుసు.

డబ్బెవరిస్తారంటారా? ఈ డెల్టాలో దాతలకు కరువు లేదు. ఊళ్ళల్లో గుడి గోపురాల మీద, కల్యాణ మండపాల మీద, బడి గదుల మీద విదేశాల్లో ఉన్న మనవాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి. వాళ్ళు శనివారం పొద్దున్నే లేచి తమ పిల్లల్ని కార్లో ఎక్కించుకుని సాకర్‌కూ ఈతకూ గోల్ఫ్‌కూ తీసుకెళ్తారు. గెలవకపోయినా పర్లేదు నాన్నా, ఆడు చాలు అంటారు. అదే చేత్తో సొంతూరి బడికి డిజిటల్ బోర్డూ, ఫస్టు ర్యాంకుకు బంగారు పతకమూ పంపుతారు. తమ పిల్లకు ఆట, అన్నయ్య పిల్లకు స్టడీ అవర్. ఇక్కడి పిల్లకు ఏది మంచిదో వాళ్ళకు తెలియక కాదు, ఇక్కడివాళ్ళు నవ్వుతారని. ఆ నవ్వుకు భయపడటం మానేస్తే చాలు, మిగతా ఖర్చు ఒక కల్యాణ మండపం ఏసీ బిల్లు కంటే ఎక్కువ కాదు.

ఆ కనుమ సాయంత్రం ఎండ తగ్గాక, అమెరికా పిల్ల వాకిట్లోకి దిగింది. పక్కింటి పిల్లలు ముగ్గురు సుద్దముక్కతో గళ్ళు గీశారు. తొక్కుడుబిళ్ళ ఎలా ఆడాలో సగం తెలుగులో, సగం సైగలతో నేర్పారు. వసారాలో పెద్దలం కాఫీలు తాగుతూ చూస్తున్నాం. మావయ్య కూడా అక్కడే ఉన్నాడు. పాలేరు కూతురు, తొమ్మిదేళ్ళుంటాయేమో, ఒంటికాలి మీద ఆఖరి గడి దాకా వెళ్ళింది. ఇంకో గెంతు గెంతితే ఆట ఆమెదే. ఆగింది. కిందికి చూసుకుంది. మాకెవరికీ ఏమీ కనబడలేదు. మిగతా పిల్లలకూ కనబడలేదు.

"గీత తొక్కాను" అని బిళ్ళ తీసి అమెరికా పిల్ల చేతిలో పెట్టింది.

వాకిట్లో ఎవరూ నవ్వలేదు.